గవిదొణలో కాలు పెట్టిందెవరు

గవిదొణలో కప్పలు చచ్చింది మందుకు కాదు. దేనికి చచ్చాయో తేల్చిన కాగితం హేమావతి చేతికొచ్చి నాలుగు రోజులైంది.

కుందుర్పి దాపున కరిబండపల్లి. ఊరి వెనకే కరిబండ కొండ. కొండమీద వాననీళ్లు నిలిచే రాతిగుంటలను అక్కడ దొణలంటారు. అడుగున ఒకటి, నడిమిన ఒకటి, కొనన గవిలో, అంటే గుహలో, ఒకటి. ఆ పై గవిదొణ నీళ్లే పైపులో దిగివచ్చి ఊరి దాహం తీర్చేవి. ఏడాది కిందట, చలి ముదిరిన రోజుల్లో, ఆ దొణ నిండా కప్పలు వెల్లకిలా తేలాయి. ఒడ్డున గొర్రెల పిడుదుల మందు సీసా ఒకటి దొరికింది. సీసా బాలప్పది. కప్పల మీద పరిశోధనకని వచ్చి ఆ కొండనే పట్టుకొని తిరుగుతున్న హేమావతిని ఊరిపెద్ద పుల్లన్న అందరి ముందూ అడిగాడు.

"చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఈ మందు కలిస్తే కప్పలు సస్తాయా, సావవా?"

"చస్తాయి," అందామె.

అంతే. తాగే నీళ్లలో మందు కలిపినాడని బాలప్పను కొండ ఎక్కొద్దన్నారు. పైపు మూసేశారు. కొండ లేకపోతే జీవాలకు మేత లేదు. బాలప్ప భార్య ఓబమ్మనూ, నూటపాతిక గొర్రెలనూ వెంటబెట్టుకొని ఊరొదిలిపోయాడు.

ఇప్పుడు ప్రయోగశాల కాగితం వేరే మాట చెబుతోంది. దాన్ని హేమావతి ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఆమె గురువు జాకబ్ సార్ మాత్రం ఒకే ఒక్కసారి చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఊరికి చెప్పేముందు ఆ బాలప్పకు చెప్పాల," అన్నారు. "ఫోన్లో కాదు. పోయి చెప్పు."

*

కళ్యాణదుర్గంలో బస్సు మారి కుందుర్పిలో దిగేసరికి పదైంది. అక్కడి నుంచి షేర్ ఆటో. కర్ణాటక సరిహద్దు రెండు మైళ్లుందనగా డ్రైవర్ ఆపి, ఎడమచేతి వైపు చేలను చూపించాడు.

"గొర్రెలోళ్లా? అగో, ఆ శెనక్కాయ చేన్లో మంద నిలిపినారు సూడండి."

చెనక్కాయ పీకేసిన చేను. ఎండిన వేరుశెనగ తీగ కూడా ఎవరో కట్టలు కట్టి ఇంటికి మోసుకుపోయారు. ఎర్రమన్ను తప్ప ఏమీ మిగల్లేదు. ఎరువు కోసం ఆ చేను రైతు రాత్రిళ్లు మందను అక్కడ ఆపించుకుంటున్నట్టున్నాడు. నడుస్తూంటే హేమావతికి వాళ్ల నాయన గుర్తొచ్చాడు. ధర్మవరంలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు పోగు తెగితే, ఎవరూ చూడకముందే ముడేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. వాళ్ల నాయన నేతంతా అయ్యాక చీర మీద చెయ్యి తిప్పి ఆ ముడి దగ్గరే ఆపేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆ చెయ్యి అక్కడ ఆగడమే ఆమెకు దెబ్బలా ఉండేది.

బాలప్ప ఒక గొర్రె కాలు ఒళ్లో పెట్టుకొని గిట్టలో ముల్లు తీస్తున్నాడు. అలికిడికి తలెత్తాడు. గుర్తుపట్టగానే మొహమంతా విచ్చుకుంది.

"యా పాపా! ఇంత దూరం ఎట్లొచ్చివి? ఓబీ, ఎవరొచ్చినారో సూడు!"

ఓబమ్మ మూడురాళ్ల పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. చూసింది. తెడ్డు ఇంకొంచెం గట్టిగా తిప్పింది.

బాలప్ప నవ్వడమే హేమావతికి కష్టమైపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. అతను గొర్రెను వదిలి, కంబళి దులిపి పరిచాడు.

"కూసో పాపా. ఎండ తగిలుంటాది. నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత తాగుతాలే అన్నా. ముందు ఒక మాట చెప్పాల."

"చెప్పు."

"గవిదొణలో కప్పలు నీ మందుకు సావల్యా."

బాలప్ప చేతిలో ముల్లు ఇంకా ఉంది. దాన్ని పక్కన రాతిమీద జాగ్రత్తగా పెట్టాడు, జీవాలు తొక్కకుండా.

"నాకు తెలుసు గదా పాపా," అన్నాడు. "ఆ సీసాలో మందు యాడుండాది? ఎప్పుడో అయిపోయింటే కడిగి, గవిలో దీపానికి నూనె పోసుకోని పోతాంటి. శనివారం శనివారం. ఆ పొద్దు చెప్తి. ఎవురూ యినల్యా."

"నేను యింటి."

"నువ్వు యింటివా?"

"యింటి. నువ్వు చెప్పేది నిజమే అనుకుంటి కూడా. కానీ పుల్లన్న అడిగింది వేరే. ఆ మందుకు కప్పలు సస్తాయా అని అడిగినాడు. సస్తాయి అంటి. ఈ సీసాలో మందే లేదేమో, నీళ్లు పరీక్ష చేసి చెప్తానని అనింటే సరిపోయేది. అనల్యా."

"ఏంటికి అనల్యా?" అడిగింది ఓబమ్మ. పొయ్యి దగ్గర నుంచే, తల తిప్పకుండా.

హేమావతి దగ్గర జవాబుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు ఊరంతా తన వైపు చూస్తుంటే, తప్పు ఇంకెవరి మీదికో పోతోందని తన గుండెలో ఏ మూలో ఊరట కలిగింది. ఎందుకు ఊరటో అప్పుడామె తనను తాను అడగలేదు.

"అది ఒక్కటే కాదక్కా," అంది. "దొణ నీళ్లు సీసాల్లో పట్టుకోనిపోయి పరీక్ష చేయిస్తి. మూడు వారాలకు వచ్చింది. నీళ్లలో మందు చుక్క కూడా లేదని రాసినారు."

తెడ్డు ఆగింది.

"మూడు వారాలకా?"

"మూడు వారాలకు."

"ఇప్పటికి ఏడాదయింది."

"అవునక్కా."

ఓబమ్మ లేచి వచ్చింది. పొయ్యిలో పుల్లలు వెనక్కి లాగనైనా లాగలేదు. చిన్న మనిషి, బక్కపలచని మనిషి, కంబళి అంచున నిలబడి హేమావతిని కిందికి చూసింది.

"నేను యాడికి పోయినా ముందు నీళ్లకే గదమ్మా పోయేది. ఊరు మారితే కొళాయి మారుతాది. ఒక ఊర్లో బిందె పెడితే, ఎవత్తో గుర్తుపట్టె. కరిబండపల్లిలో మందు కలిపినోని పెండ్లాం అనె. నా బిందె తీసి పక్కన పెట్రి. అందరూ పట్టుకున్యాక పట్టుకో అన్రి. సరే అని కూసుంటి. నా వంతు వచ్చినాక పట్టుకుంటి. నేను బిందె ఎత్తుకున్యాక ఒక ముసలామె ఆ కొళాయి చింతపండు పెట్టి తోమె. నా కండ్ల ముందరే." ఆమె గొంతు హెచ్చలేదు. "ఆ పొద్దు నీ తావ కాగితం ఉండె గదా?"

"ఉండె."

"యాడ పెట్టుంటివి?"

"బీరువాలో అక్కా."

సంగటి మాడిన వాసన వచ్చింది. వెనక్కి పోయి కుండ దించింది. బాలప్ప ఆమె వైపు చూసి, హేమావతి వైపు చూసి, గడ్డం గోక్కున్నాడు.

"సరే. మందు కాదు. మరి దేనికి సచ్చె పాపా అవి?"

ఇక్కడి నుంచి చెప్పడం ఇంకా కష్టమని హేమావతికి తెలుసు.

"తెగులన్నా. శెనక్కాయకు ఆకుమచ్చ వస్తాదే, అది బూజే గదా. అట్లాంటి బూజు కప్పల తోలుకు పడతాది. కంటికి కనపడదు. కప్ప నోటితో నీళ్లు తాగదు, తోలుతోనే పీల్చుకుంటాది. తోలు చెడితే లోపల ఉప్పులు తప్పిపోయి గుండె ఆగిపోతాది. మనుషులకు అంటుకోదు. జీవాలకూ అంటుకోదు. ఒక్క కప్పలకే."

"అయితే ఆ నీళ్లు తాగొచ్చునా?"

"తాగొచ్చు. దొణ శుభ్రం చేసుకొని ఎప్పుడో తాగొచ్చుండె."

ఊర్లో ఏడాదిగా తాగుతున్న బోరు నీళ్లు ముగ్గురికీ గుర్తొచ్చాయి. ఆ ఫ్లోరైడ్ నీళ్లకే చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి, పిల్లల పళ్లు పచ్చబడతాయి.

బాలప్ప ఆలోచిస్తున్నాడు. చదువు రాకపోయినా విషయాన్ని వదలని మనిషి. మొదటి ఏడాది హేమావతికి కొండమీద దారి చూపింది అతనే, గవిలో తప్ప ఇంకెక్కడా కనపడని ఆ చిన్న పసుపుచార కప్పను మొదట చూపింది కూడా అతనే. గవికప్ప అని పేరు చెప్పిందీ అతనే.

"అడుగుదొణలో కప్పలు బాగుండె గదా. వాటికి రాల్యా ఆ తెగులు?"

"వాటికి ఎప్పట్నుంచో ఉండాది అన్నా. తోలు మీద పెట్టుకునే తిరుగుతాండాయి. సావవు."

"అదెట్ల?"

"ఎత్తు వల్ల. అడుగుదొణ బయలు. ఎండాకాలం దాంట్లో నీళ్లు సంగటి కుండ మాదిరి కాగుతాయి. బూజుకు ఆ వేడి పడదు. ముప్పై డిగ్రీలు దాటితే అల్లాడిపోతాది. కప్పలు ఎండలో కూసుంటాయి, బూజు రాలిపోతాది, మళ్లీ వానలకు కొంచెం పడతాది, మళ్లీ ఎండకు పోతాది. అట్ల బతుకుతాండాయి. నడిదొణలో కొంచెం ఎక్కువ. గవిదొణ ఆ కొనన ఉండాది. గవి నీడ, ఊట నీళ్లు. నడివేసవిలో కూడా ఆ నీళ్లు ఇరవై నాలుగు దాటింది నేను సూడల్యా. బూజుకు అదే ఇష్టం. ఆ చలువలో పడిందంటే ఇంక ఆపేది లేదు."

బాలప్ప తలాడించాడు. "గజ్జి పట్టిన గొర్రెను ఎండకు నిలబెడతాం. నీడలో కట్టేస్తే వొళ్లంతా పాకుతాది. అట్లనే."

"అట్లనే అన్నా."

"సరే. పైన చలువ. దానికి బాగా కుదిరె. మరి కింద ఉండే తెగులు పైకి ఎట్ల ఎక్కె?"

హేమావతి తల దించుకుంది.

బాలప్ప ఆమెను అడగడం మానేసి తనలో తానే లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. గొర్రె తప్పిపోతే అడుగుజాడలు పట్టుకొని పోయేటప్పుడు అతని మొహం అట్లాగే ఉంటుంది.

"నడిదొణ దాటినాక గోడ మాదిరి బండ. కప్ప ఎక్కలేదు. జీవాలూ ఎక్కవు, నేను ఎన్నిమాట్లు తోలినా ఎక్కల్యా. మనుసులు ఎక్కుతారు. ఎక్కినా చెప్పులు బయట ఇడిసి పోతాం. దొణలో ఎవురూ కాలు పెట్టరు. దేవుని నీళ్లు. బిందెతో ముంచుకోని వస్తాం అంతే. మా నాయన పెట్టల్యా, మా అబ్బ పెట్టల్యా. ఆ దొణలో కాలు పెట్టింది..."

ఆగిపోయాడు.

ఎక్కడో ఒక గొర్రె తుమ్మింది. హేమావతి తన కాళ్లవైపే చూస్తోంది. ఇవాళ మామూలు చెప్పులు వేసుకొని వచ్చింది. రబ్బరు బూట్లు అనంతపురంలో గది మూలన ఉన్నాయి. నాలుగు రోజులుగా వాటిని ముట్టుకోలేదు.

"నాకు గుర్తుండాది," అన్నాడు బాలప్ప నెమ్మదిగా. "ఈ యేడు గాదు, పోయినేటి వానాకాలం మొదట్లో. నువ్వు ఆలస్యంగా వస్తివి. ఎప్పుడూ ముందు పైకి పోయేదానివి. పైనుంచి కిందికి దిగాల, కింది మురికి పైకి పోగూడదు, అదే రూలు అని నాకు గూడా చెప్పుంటివి. ఆ పొద్దు నేను జీవాలను నీళ్లకు తోలుకొస్తాంటే, ఉండన్నా, నీళ్లు బురదైతాయి, ముందు అడుగుదొణ చేసేస్తా అంటివి. వల నేనే పట్టుకుంటి."

"అవునన్నా."

"తర్వాత గవికి పోదాం అంటివి. నేను అడిగితి." అతను ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "బూట్లు కడగవా పాపా, అని అడిగితి గదా?"

"అడిగినావన్నా."

"నువ్వేమంటివి?"

"ఈ ఒక్క పొద్దుకు ఏం కాదులే అంటి."

అది చెప్పేసరికి ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవకూడదని ఎంత గట్టిగా అనుకుని వచ్చిందో, అంత గట్టిగానూ వచ్చింది. బ్లీచింగ్ నీళ్ల క్యాను ఆ రోజు ఊర్లోనే వదిలేసింది. ఐదు లీటర్ల బరువు. ఎండ. మోయడానికి బద్ధకం. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఎన్నిసార్లు వెదికినా ఇంకో కారణం దొరకలేదు.

"ఆ పొద్దుకు ముందు గవికప్పల తోలు మీద తుడిచి పెట్టిన నమూనాలన్నీ శుభ్రంగా ఉండాయి," అంది కన్నీళ్లు తుడుచుకోకుండానే. "రెండు నెలల తర్వాత తీసినవాటిలో తెగులుండాది. అడుగుదొణలోది, పైన ఉండేది ఒకటే రకం. సైన్సులో నూటికి నూరు పాళ్లు అని రాయరన్నా. నాకు మాత్రం తెలుసు. ఇంకొకటి కూడా ఉండాది. నా నోటు పుస్తకంలో ఆ పొద్దు ముందు గవిదొణ, తర్వాత అడుగుదొణ అని రాసుకుంటి. రూలు ప్రకారం పోయినట్టు. సార్ నా ఫోన్లో ఫొటోలు చూసినారు. అడుగుదొణ ఫొటో పదికి తీసింది. గవిదొణ ఫొటో పన్నెండున్నరకు. ఆయన ఏమీ అనల్యా. ఫోను తిరిగి నా చేతికి ఇచ్చినారు, అంతే."

బాలప్ప తల తిప్పి మంద వైపు చూశాడు. మాట్లాడింది ఓబమ్మే.

"ఫోన్ ఉండాది గదా నీ తావ?"

"ఉండాదక్కా."

"పుల్లన్నకు చెయ్యి. ఈడ్నే. మేము యినాల."

*

రెండోసారి రింగుకు పుల్లన్న ఎత్తాడు. హేమావతి స్పీకరు పెట్టి కంబళి మీద ఉంచింది.

"ఏమమ్మా హేమావతీ, సానా దినాలకు! కొండకొస్తాండావా?"

"పుల్లన్నా, నేను బాలప్పన్న తావ ఉండా."

"ఆడికి ఏంటికి పోతివి?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఈసారి తడబడలేదు. నీళ్లలో మందు లేదని ఏడాది కిందటే తేలిందని చెప్పింది. తెగులని చెప్పింది. అది తన బూట్లతో, తన వలతో పైకి ఎక్కిందని చెప్పింది. గవిదొణ నీళ్లు తాగొచ్చని, ముందే తాగొచ్చుండెనని చెప్పింది. పుల్లన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అయిపోయాక గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"నువ్వు ఏం మాట్లాడతాండావో తెలుసునా తల్లీ? రేపు ఊర్లో జనం నిన్ను కొండ కాడికి రానిస్తారా?"

"రానీకపోనీ."

"నీ చదువు?"

"దాని సంగతి నేను చూసుకుంటా. నువ్వు బాలప్పన్న సంగతి చెప్పు."

"ఏం చెప్పల్ల? నువ్వు చెప్పింటివని గదా మేము..." పుల్లన్న గొంతు పెరిగి, అక్కడే ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు అది ఊరిపెద్ద గొంతులా లేదు. "నేనూ ఒకమాట అనుకుంటి. బాలప్ప అట్లా పని చేసే మనిసి కాదే అని. అనుకోని ఊరకుంటి. నీళ్లు చెడె, ఎవుర్నో ఒకర్ని పట్టుకోవాల గదా జనానికి." కాసేపటికి, "వాడు ఆడుండాడా?" అన్నాడు.

"ఉండాడు. వింటాండాడు."

"రేయ్ బాలప్పా."

బాలప్ప ఫోను వైపు వంగాడు. పిలుపుకు పలకాలా వద్దా అన్నట్టు ఒక క్షణం ఓబమ్మ వైపు చూశాడు.

"ఆ."

"మంద తోలుకోని ఇంటికి రారా."

"పిలిస్తే వచ్చేదానికి నేనేమన్నా కుక్కనా పుల్లన్నా?" బాలప్ప మెల్లగా అన్నాడు. అతను ఎదురు మాట్లాడడం హేమావతి ఎప్పుడూ వినలేదు. "నన్ను పంపినప్పుడు ఊరంతా ఉండె. రమ్మనేటప్పుడు గూడా ఊరంతా ఉండాల."

అవతల పుల్లన్న గొంతు సవరించుకున్నాడు.

"సరే. ఎల్లుండి పొద్దున. బడి ముందర. అందర్నీ పిలుస్తా. ఆయమ్మ గూడా వచ్చి, ఇప్పుడు నాకు చెప్పిందంతా అందరికీ చెప్పల్ల."

"చెప్తా," అంది హేమావతి.

ఫోను ఆగిపోయింది. ఓబమ్మ కొంగుతో మొహమంతా ఒకసారి గట్టిగా రుద్దుకుంది. పోయి మూడు కంచాల్లో సంగటి పెట్టింది. అడుగంటిన సంగటి, పక్కన ఊరిమిండి పచ్చడి. మూడోది తెచ్చి హేమావతి ముందు పెట్టింది.

"తిను," అంది. "క్షమించినానని కాదు. ఆకలి మీద ఉండావు."

మాడు వాసనతోనే ముగ్గురూ తిన్నారు. హేమావతి ఒక్క మెతుకు వదల్లేదు. మధ్యలో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. బాలప్ప అది చూశాడు. చెయ్యి కడుక్కొని వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఏదో చెప్పాలని ఉంది. చెప్పేది సంతోషం మాట అని అతని కళ్లే చెబుతున్నాయి.

"పాపా, ఇంక ఏడవద్దు. ఒక మాట చెప్తా. అవి అన్నీ సావల్యా."

"ఏవన్నా?"

"గవికప్పలు."

హేమావతి కంచం పక్కన పెట్టింది. పోయిన నెల రెండుసార్లు గవి ఎక్కింది. రాళ్ల సందులన్నీ టార్చి వేసి చూసింది. ఒక్కటి కూడా కనపడలేదు. ఆ రెండో రోజు దొణ ఒడ్డున కూర్చొని పుస్తకంలో సున్నా రాసింది.

"యాడుండాయన్నా? నేను చూస్తి గదా, ఒక్కటీ లేదు!"

"నీకెట్ల కనపడతాయి, నేను ఎత్తుకోనిపోతే!" బాలప్ప నవ్వాడు. ఏడాది తర్వాత గొంతు విప్పి నవ్వినట్టు నవ్వాడు. "కార్తీక పున్నమి దాటినాక, ఈ చలికి మళ్లీ సస్తాండాయంట అని నా చెవిన పడె. ఈ ప్రపంచంలో ఇంక యాడా లేవేమో అన్నా, అని నువ్వే చెప్పుంటివి గదా నాకు. పానం ఊరుకోల్యా. ఊరోళ్లు వద్దన్యా తెల్లారుజామున ఒక్కన్నే కొండెక్కితి. పదకొండు దొరికె. గవిదొణ నీళ్లే బిందెలో పోసుకోని, తడి గోనె కప్పి, నెత్తిన పెట్టుకోని నడిస్తి. రెండు దినాలు. దోవలో ఒక్కటి గూడా సావల్యా."

"అన్నా!" ఆమె అతని చేతులు రెండూ పట్టుకుంది. పదకొండు. పదకొండు బతికున్నాయి. ఏడాదిగా గుండెమీద ఉన్న రాయి కొంచెం జరిగినట్టు, ఊపిరి లోపలికంటా వెళ్లింది. "పదకొండా? నిజంగా? యాడ పెట్టినావు వాటిని?"

"సరిహద్దు అవతల ఏనుగుబండ అని కొండ ఉండాది. మన కరిబండ కన్నా ఎత్తు. పైన మంచి దొణ. మిట్టమధ్యాన్నం చెయ్యి పెట్టినా జిల్లుమంటాది. చలువలో ఉండే కప్పలు గదా, చలువ తావే సూసి వదిల్తి."

హేమావతి చేతులు అతని చేతుల మీద అట్లాగే ఉండిపోయాయి. వాటిలో పట్టు మాత్రం పోయింది.

"అన్నా," అంది. "ఆ దొణలో మునుపే కప్పలుండెనా?"

"యా, ఉండకేం పాపా! లెక్కలేనన్ని. మూడు నాలుగు రకాలు. ఆ దొణ నీళ్లు వాగై కిందికి పారతాయి, వాగు పొడుగునా అవే. వాన పడితే చెవులు మూసుకోవాల. అందుకే గదా ఆడ వదిల్తి, మన కప్పలకు తోడుంటాయని." అతను ఆమె మొహం చూసి ఆగాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏం పాపా? నేను చేసింది తప్పా?"

తెగులంటిన పదకొండు కప్పలు, బిందెడు గవిదొణ నీళ్లు. ఆమె బూట్లకు అంటిన తడి కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇప్పుడు నోరు విప్పితే, తను మోస్తున్నదాన్నే ఈ మనిషి నెత్తిన పెట్టాలి. విప్పకపోతే, మళ్లీ ఒక కాగితాన్ని బీరువాలో పెట్టినట్టే.

ఇద్దరి మధ్యా ఓబమ్మ చేతిలో కంచంతో నిలబడి ఉంది. భర్త కంటే ముందే ఆమెకు అర్థమైంది. కంచం కింద పెట్టి, హేమావతి ఎదురుగా కూర్చుంది.

"చెప్పు," అంది. "ఈసారన్నా వెంటనే చెప్పు."